మూడు చుక్కల పానా

17 ఆగస్టు 1986, ఆదివారం

బావతో లొల్లి అయింది. చిన్నది కాదు, వాడకట్టంతా విన్నది.

పొద్దున నేను మిషన్ మీద జాకెట్లు కుడుతుంటే మా ఆయన అన్న, శంకరన్న బావ, ఇద్దరు మనుషుల్ని, ఒక గొలుసును వెంటబెట్టుకుని వచ్చి షెడ్డు తలుపు తీశాడు. ఏంది బావా అని అడిగితే ఇంజన్ దింపుతున్న అన్నాడు. పోయినేడు దసరా దాటంగనే వాన బందయింది, పొట్టకొచ్చిన వరి కండ్లముందట ఎండింది, పక్కపొంటి ప్రాణహిత నిండ నీళ్లున్నా ఏం ఫాయిదా, ఈసారి పంపు కొన్న, దాన్ని తిప్పెటందుకు ఇంజన్ కావాలె, ఈ డబ్బల ఉన్నది ఊకెనే తుప్పు పడ్తున్నది అన్నాడు.

డబ్బా అన్నాడు! మా మామ జగ్గయ్య మోరిస్ కారును. 1937 మోడల్.

నేను లేచి వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాను. చేతిలో కత్తెర ఉంది. పెట్టి రావాలని తోచలేదు. ఆ ఇద్దరూ నన్ను కాదు, కత్తెరను చూసి వెనక్కి జరిగారు.

మామ టేకు కంట్రాక్టర్ దగ్గర డ్రైవరు. కంట్రాక్టర్ నాగపూర్ వెళ్లిపోతూ బండిని మామకే వదిలేశాడు. నేను కాళేశ్వరం నుంచి నది దాటి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఇక్కడి మరాఠీ రాదు, దోస్తులు లేరు, పొద్దంతా ఏడుపే. ఒకనాడు మామ నన్ను కోసిన పొలాల్లోకి తీసుకుపోయి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. ఏడ్చుకుంటనే తొక్కు బిడ్డా, క్లచ్చుకు ఏం తెలుస్తది అన్నాడు. వారంలో గేర్లు వచ్చాయి. నెలలో ఏడుపు పోయింది. మామ పోయి రెండేళ్లయింది. అంతకు ముందే ఆయనకు చూపు పోయి బండి ఆపేశాడు. అప్పటి నుంచి ఇటుకల మీద ఉంది. ఈ ఊళ్లో నాకు తల్లిగారిల్లు లాంటిది ఏదైనా ఉంటే ఆ బండే. దాని కడుపు కోసి నది ఒడ్డున పెడతానంటే ఎట్లా ఊరుకుంటాను?

నేను నడిపిస్తాను అన్నాను. బావ నవ్వాడు. నాయిన మాట యాదికున్నదా, సంచి నిండకుంటే బండి గేటు దాటద్దు అనెటోడు, అడవిల ఆగితే మన సామానే మనకు దిక్కు అనెటోడు, ఏది ఆ సంచి, ఏది ఆ సామాను, సూపు పోయినంక అడిగినోనికల్లా పంచిండు గదా అన్నాడు. సంచి నింపి సూపియ్యి, ఇంజన్ ముట్టుకుంటే ఒట్టు అన్నాడు. ఎప్పటిదాకా అని అడిగాను. దసరానాడు ఆయుధాలకు పూజ చేస్తం గదా, ఆనాడు విప్పు, ఒక్కటి తక్కువున్నా ఇంజన్ నాది అన్నాడు.

దొరకవనే ధైర్యంతో అన్నాడు. నాకు తెలుసు. కానీ పదిమందిలో అన్నాడు.

సరే అన్నాను.

మా ఆయన సాంబన్న అహేరి మీదుగా పోయే చంద్రపూర్ లైన్లో బస్ కండక్టర్. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి అంతా విని, మీ ఇద్దరి నడుమ నేను టికెట్ లేని పాసింజర్‌ను, ఏ స్టాప్‌ల దింపినా దిగుత అన్నాడు. తమ్ముడై పుట్టినవాడు ఇంకేమంటాడు.


18 ఆగస్టు

సంచి దొరికింది! అటక మీద. అత్తమ్మ ఎప్పుడో గుమ్మడి విత్తనాలు చుట్టి పెట్టిందట, అలాగే ఉంది. ఎలుకలు ఒక మూల కొరికాయి. విత్తనాలు మాత్రం ముట్టలేదు, అదేం రుచో.

సంచి అంటే మందపాటి కాన్వాస్ గుడ్డ. లోపల వరసగా అరలు. ఒక్కో అరలో ఒక్కో సామాను పెట్టి, చాపలా చుట్టి, తాడు కట్టాలి. చివరి పెద్ద అర జాకీది. ఇంజన్ తిప్పే హ్యాండిల్‌కు బయట రెండు పట్టీలు. అరలన్నీ ఖాళీ. కానీ ఏళ్ల తరబడి నూనె ఇంకి, ప్రతి అరలో ఆ సామాను ఆకారం మచ్చలా దిగి ఉంది.

నేను టైలర్ని. ఆది జాకెట్ ఇస్తే చాలు, మనిషిని చూడకుండా కుట్టగలను. పాత పేపర్లు పరిచి, ఒక్కో మచ్చకు కొలత తీసి కత్తిరించాను. ఇదిగో పానాలు, ఇదిగో పటకారు, ఇదిగో సుత్తె, ఇదిగో టైరు విప్పే బద్దలు. ఒక్క అర మాత్రం ఏమిటో గుర్తుకు రావడం లేదు. మూసుకున్న కాకి ముక్కులా ఉంది. దాని పేపరూ కత్తిరించాను. ఆది ఉంది, ఇక మనిషిని వెతకాలి.

ఇంకో గుర్తు కూడా ఉంది. లారీల వాళ్ల సామానులో కలిసిపోకుండా మామ ప్రతి దాని మీద మూడు చుక్కలు కొట్టుకున్నాడు. చివర్లో చూపు లేనప్పుడు బొటనవేలితో తడిమి, ఇది నాది, ఇది కాదు అని చెప్పేవాడు.

మామా, ఒక్కొక్కటి ఎవరికిచ్చావో ఒక్కమాట నా చెవిన వేసి పోతే నీ సొమ్మేం పోయేది?


21 ఆగస్టు

మొదటిది ఇంట్లోనే దొరికింది. ఇంట్లో అంటే పక్కింట్లో, బావ వాళ్ల వంటింట్లో. మా యారాలు, బావ భార్య యాదక్క పొయ్యి ఊదుతుంటే చూశాను. ఆ ఊదుగొట్టం ప్లగ్ పానా! గొట్టంలా ఉంటుంది కదా. పేపర్ తెచ్చి ఆనిస్తే అచ్చంగా సరిపోయింది. మసి కింద మూడు చుక్కలు.

యాదక్క పడీపడీ నవ్వింది. తీస్కపో గని ఇగ నా పొయ్యి నువ్వే నోటితోటి ఊదాలె అన్నది. మీ బావకు చెప్పకు, ఊదుగొట్టం ఏదంటే పిల్లి ఎత్కపోయిందంట అన్నది. ఆమె బిడ్డ సుగుణ నిండు నెలలతో పురిటికి వచ్చి ఉంది. అది కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వకే, ఇక్కడే కంటవు అన్నాను.


26 ఆగస్టు

తప్పు చేశాను. ఇంటి పెరట్లో సుత్తె, రెండు పానాలు దొరికాయి. ఆ పానాల్ని గరుకు కాగితం పెట్టి రుద్దాను. మెరిశాయి. చూస్తే కంపెనీ పేరు సగం అరిగిపోయింది. చుక్కలు కూడా పోయేవే, సమయానికి చూశాను. తుప్పుతో పాటు పేరు కూడా పోతే అది మామ సామాను ఎట్లా అవుతుంది? ఏ సంతలోనో కొన్న ఇనుము అవుతుంది.

ఇకమీదట గరుకు కాగితం బంద్. కిరసనాయిలులో నానబెట్టడం, చింతపండు పులుసు, కొబ్బరి పీచు, బూడిద. ఆఖరున ఇంజన్ ఆయిల్ గుడ్డ. ఓపిక నా రక్తంలో లేదు. ఎక్కించుకోవాలి.


31 ఆగస్టు, ఆదివారం

హ్యాండిల్ రేవులో ఉంది. పడవ కన్నయ్య దాన్ని ఒడ్డున గుచ్చి పడవ కట్టేస్తున్నాడు! ఇన్నేళ్లూ ఆ పడవ మీదే కదా తల్లిగారింటికి పోయి వచ్చాను. కళ్లెక్కడ పెట్టుకున్నానో.

ఇయ్యనన్నాడు. ఇది జగ్గన్న చెయ్యి, ఇది గుచ్చినంక వరదల గూడ నా పడవ పోలే అన్నాడు. ఇంట్లో ఉన్న పాత గడ్డపార తెచ్చి గుచ్చాను. తాడు కట్టి నువ్వే గుంజు అన్నాను. గుంజాడు. రాలేదు. ఇంకోసారి గుంజాడు. అప్పుడు, నువ్వు జగ్గన్న కోడలివా బిడ్డవా అని అడిగి ఇచ్చేశాడు.


9 సెప్టెంబర్

బామ్ని పోయి వచ్చాను. పోశక్క ఇంటి ముందు ఇప్పగింజలు పగలగొడుతున్నది టైరు బద్దలతోనే. పేపర్ చూపించగానే, అవ్వో, నీ పేపర్ల నా బద్దలున్నయి అన్నది. గింజలు కొట్టడానికి రెండు గుండ్రాళ్లు ఏరి ఇచ్చాను. ఆమె మనవరాలికి లంగా కుడతానని కూడా ఒప్పుకోవలసి వచ్చింది. పటకారు కూడా అక్కడే, పొరుగింటి గోడకు మేకులా దిగగొట్టి ఉంది.

పోశక్క చెప్పింది, మంత్రసాని ఎల్లక్క దగ్గర జగ్గన్న ఇనుము ఒకటి ఉన్నదని. ఆశగా పోయాను. ఎల్లక్క గుడ్డ సంచిలోంచి ఒక ముద్ద తీసింది. ఏళ్లకేళ్ల పసుపు కుంకుమ పట్టి, ఇనుమని చెబితే తప్ప తెలియదు. బాలింత తలాపున పెట్టే ఇనుమట. ఏ కాన్పుకు పోయినా అది వెంట ఉండాల్సిందేనట. ఏమిటో తెలియనిది కాకి ముక్కు పేపర్ ఒక్కటే కదా, ఆనించి చూశాను. కుదరలేదు. దీనికి నోరు ఇంత వెడల్పున తెరుచుకుని ఉంది, నా పేపర్‌కు నోరే లేదు. పొడవు కూడా ఎక్కువే. ఇది ఏ నాగలి ముక్కో అక్కా, మాది కాదు అన్నాను. మామ ఇచ్చాడన్న మాట నిజమే కావచ్చు, ఆయన ఏ ఇనుమైనా ఇచ్చి ఉండవచ్చు.

నీది కాదంటె నాకే మంచిగాయె అన్నది ఎల్లక్క. ముద్దను కళ్లకద్దుకుని మళ్లీ చుట్టేసింది.


10 సెప్టెంబర్

బావ ఇవాళ గేటు దగ్గర ఆగి, ఎంతదాక వచ్చింది నీ ఊరేగింపు అన్నాడు. మిషన్ పెడల్ విరిగేలా తొక్కాను.


14 సెప్టెంబర్, ఆదివారం

జాకీ జాడ తెలిసింది. మా ఆయన బస్సులోనే ఎవరో చెప్పారట, నాగేపల్లిలో దేవక్క ఇంట్లో ఉందని. ఇవాళ ఆయన డ్యూటీ బస్సెక్కి పోయాను. అహేరి రోడ్డు గురించి రాస్తే పెన్ను కూడా ఎగురుతుంది.

ఉంది. ఎక్కడ? దేవక్క ఇంటి దూలం కింద. నిట్టాడు చెదపట్టి కుంగితే మామ రాళ్లు పేర్చి, వాటి మీద జాకీ పెట్టి లేపాడట. ఆ తర్వాత కట్టె మార్చే ముహూర్తం రానే లేదు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు జాకీ మీదే అయ్యాయి.

పేపర్ ఆనించాను. కుదరలేదు. జానెడు ఎక్కువ. కానీ అడుగున మూడు చుక్కలు ఉన్నాయి. ఇదేం చిత్రం?

దేవక్క నడుం మీద చేతులు పెట్టుకుని, మీ మామ ఇల్లు నిలబెట్టిండు, నువ్వు పడగొట్టెటందుకు వచ్చినవా అన్నది. వచ్చే ఆదివారం మద్ది కట్టె తెస్తాను, నిలబెట్టాకే తీస్తాను అని మాటిచ్చి వచ్చాను.


21 సెప్టెంబర్, ఆదివారం

బస్సు టాప్ మీద మద్ది కట్టె. టికెట్ కొట్టమని మా ఆయన్ని అడిగాను. ఇంట్ల మాట ఇంట్లనే ఉండనియ్యి అన్నాడు.

నలుగురు పట్టి కట్టె నిలబెట్టారు. దూలం దాని మీద కూర్చున్నాక నేను జాకీ మర తిప్పడం మొదలుపెట్టాను. తుప్పు పట్టి కీచుమంది, కానీ తిరిగింది. తిప్పిన కొద్దీ జాకీ కిందికి దిగింది. జానెడు దిగాక పేపర్ ఆనిస్తే గీత గీసినట్టు సరిపోయింది!

అప్పుడు తెలిసింది. నేను తెలివితక్కువదాన్ని. గుడ్డ కొలతల బుద్ధి నాది. జాకెట్ ముక్క కత్తిరిస్తే అది పెరగదు, తగ్గదు, నోరు తెరవదు. ఇనుముకు మర ఉంటుంది. జాకీ సంచిలో ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, దూలం కింద నిక్కి ఉంటుంది. మరి కాకి ముక్కు?

స్క్రూ పానా! మామ మర తిప్పి నోరు పెద్దది, చిన్నది చేసేవాడు. ఒక్క పానాతో సగం బండి విప్పేవాడు. సంచిలో పెట్టేటప్పుడు నోరు మూసి పెట్టేవాడు. ఎల్లక్క ముద్ద నోరు తెరుచుకుని బిగుసుకుపోయిన స్క్రూ పానా. చేతిలోకి వచ్చిన దాన్ని నాగలి ముక్క అని నేనే వెనక్కి ఇచ్చేశాను.

బస్సులో వస్తూ పకపకా నవ్వాను. జాకీని ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్న ఆడదాని పక్కన ఎవరూ కూర్చోలేదు.


22 సెప్టెంబర్

దసరా జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. ఇవి కుట్టి గురువారం బామ్ని పోతాను. ఎల్లక్కకు ఇంకో ఇనుము ఇస్తాను. మంచి కొడవలి ఇస్తాను. ఒప్పుకుంటుంది.


24 సెప్టెంబర్, బుధవారం

సుగుణకు పొద్దున్నే నొప్పులు. బావ సైకిల్ మీద మనిషిని పంపి ఎల్లక్కను పిలిపించాడు. మధ్యాహ్నానికి పాప పుట్టింది. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు. దేవుడా, నీ దయ.

వేడినీళ్లు పట్టుకుని లోపలికి పోయేసరికి ఎల్లక్క గుడ్డ సంచి విప్పి ఆ పసుపు ముద్దను తీస్తున్నది. పాప తలగడ కింద పెట్టింది. నా కళ్లముందే. నా స్క్రూ పానా.

చేయి చాపాను. చుక్కలున్నాయో లేదో గోరుతో గీకి చూద్దామని, అంతే. ఎల్లక్క నా చెయ్యి మీద ఒక్కటేసింది. పెట్టిన ఇనుము ఇరవై ఒకటో రోజు దాకా కదలద్దు, పసిపిల్ల జడుసుకుంటది, ఈ మాత్రం ఎర్క లేదా అన్నది.

ఎరుకే. మా తల్లిగారి దిక్కు కూడా అంతే. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇరవై ఒకటో రోజు అక్టోబర్ పద్నాలుగు. దసరా పన్నెండు.


26 సెప్టెంబర్

బాలింతకు నూనె రాయడానికి ఎల్లక్క ఇక్కడే ఉంటున్నది. ఆ ఇనుము కథ చెప్పమన్నాను. ఒక వానాకాలం బామ్ని ఆడమనిషిని మామ దవాఖానకు తీసుకొస్తుంటే దారిలో బండిలోనే కాన్పు అయిందట. తలాపున పెట్టడానికి ఇనుము అడిగితే మామ సంచి విప్పి చేతికందింది ఇచ్చాడట. ఆ పొద్దు కొడవలి దొరకలే, పానా దొరికింది, దొరికిందే దేవుడు అన్నది ఎల్లక్క. మళ్లీ ఇస్తానంటే మామ తీసుకోలేదట. సంచి నిండకుంటే గేటు దాటద్దు అన్న మనిషి, ఆ తర్వాత ఆ అరలో ఏం పెట్టుకుని తిరిగాడో!

కొడవలి ఇస్తా, మార్చు అన్నాను. ఇరవై ఒకటి కానియ్యి అన్నది. ఒకటే మాట.


28 సెప్టెంబర్, ఆదివారం

మా ఆయన అహేరిలో సోము పాత ఇనుము దుకాణం నుంచి ఒక స్క్రూ పానా పట్టుకొచ్చాడు. నేను అడగలేదు. నా మొహం చూసి తెచ్చాడు పాపం. దాదాపు అదే సైజు. నోరు మూస్తే పేపర్‌కు సరిపోయింది. మూడు చుక్కలు కొడితే అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది?

రాతి మీద పెట్టి ఒక చుక్క కొట్టాను.

రెండోది కొట్టబోతే చెయ్యి రాలేదు. భయం కాదు. కోపం వచ్చింది. ఇన్ని ఊళ్లు తిరిగి, ఒకరి పడవ ఊడబీకి, ఒకరి దూలం ఎత్తి, ఆఖరికి దొంగ చుక్కతో గెలవాలా? ఆ గెలుపు బావకు తెలియకపోయినా మామ బొటనవేలికి తెలుస్తుంది. ఒంటి చుక్క పానాను మా ఆయనకే ఇచ్చేశాను, బస్సులో పెట్టుకోమని.


5 అక్టోబర్, ఆదివారం

బండి స్టార్ట్ అయింది!!

వారం నుంచి ప్లగ్గులు విప్పి, కడిగి, ట్యాంకు కడిగి, ట్యూబులకు ప్యాచీలు వేయించి. అన్నీ మామ సామానుతోనే. బ్రేకులు చూడాలని జాకీ పెట్టి వెనక చక్రం ఒకటి లేపాను. హ్యాండిల్ వేసి తిప్పాను. తిప్పాను. భుజం ఊడింది అనుకున్నాక దగ్గింది. మళ్లీ దగ్గింది. అందుకుంది. షెడ్డంతా పొగ. నేను ఏడ్చాను. ఏడ్చుకుంటూనే క్లచ్ తొక్కి గేరు వేశాను.

గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరిగింది.

చూస్తూ ఉండిపోయాను. పంపుకు కావలసింది తిరగడమే కదా. ఇంజన్ దింపడం దేనికి? ఒడ్డుకు తోలుకుపోయి, జాకీ మీద చక్రం లేపి, చక్రానికీ పంపుకూ బెల్టు వేస్తే నీళ్లు రావా?

బావకు ఇప్పుడే చెప్పను. ఇప్పుడు చెబితే బతిమాలినట్టు ఉంటుంది. సంచి నింపి చెబుతాను.


9 అక్టోబర్

వాన ఆగి వారమైంది. బావ పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నాడు. వరి పొట్ట మీద ఉంది. పోయినేడు కూడా ఇట్లాగే కూర్చున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నేనంత మంచిదాన్ని కాదు.


11 అక్టోబర్

ఊళ్లో సద్దుల బతుకమ్మ. మా ఇళ్లలో పురుడు, ఆట లేదు. పాటలు వినిపిస్తుంటే సామాను ముందు వేసుకుని ఆఖరిసారి నూనె గుడ్డతో తుడిచాను. కొరికిన మూలకు కొత్త కాన్వాస్ అతికాను. అన్ని అరలూ నిండాయి. ఒక్కటి తప్ప.

యాదక్క వచ్చి పక్కన కూర్చుంది. రేపు ఏం చేస్తవు అన్నది. తెలియదు అన్నాను. ఆమె పల్లు పట్టుకుని కళ్లు తుడుచుకున్నాను, సిగ్గెందుకు. అప్పుడు ఆమె అన్నది కదా, ఇనుము సంచి కాడికి రావద్దు గని, సంచి ఇనుము కాడికి పోవద్దని ఎవలన్న అన్నరా?

యాదక్కా, నీ పొయ్యి జన్మంతా నేనే ఊదుతాను.


12 అక్టోబర్, దసరా

పొద్దున్నే బాలింత గదిలో మంచం కింద సంచి పరిచాను. సరిగ్గా పాప తలగడ కిందికి వచ్చేలా.

బావ షెడ్డు దగ్గర నిలబడి పిలిచాడు. ఈసారి పురుడున్నది, పూజ లేదు, గని లెక్కకు పురుడు లేదు, తే సంచి అన్నాడు. సంచి రాదు బావా, నువ్వే రావాలె అన్నాను. మగవాళ్లు ఆ గదిలోకి పోరు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. పొమ్మన్నట్టు యాదక్క తల ఆడించింది. ఎల్లక్క మొహం తిప్పుకుంది, చూడనట్టు.

వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో సామాను తీసి, కళ్లతో కాదు, బొటనవేలితో తడిమాడు. అచ్చం మామ లాగే. హ్యాండిల్. బద్దలు. పటకారు. జాకీ దగ్గర కొంచెం ఆగాడు. ప్లగ్ పానా చూసి, ఇది మా ఊదుగొట్టమే గదా అన్నాడు. సుగుణ పాపను అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆఖరి అర. ఖాళీ. తలెత్తి నన్ను చూశాడు. తలగడ కింద ఉంది, ఎల్లుండి దాకా తియ్యరాదు, చెయ్యి పెట్టి చూసుకో అన్నాను. చుక్కలు ఉన్నాయని నేను ఎప్పుడూ చూడలేదు. ఎల్లక్క మాటే నాకు సాక్ష్యం.

బావ చెయ్యి మెల్లగా తలగడ కిందికి పోయింది. పాప కదిలింది. చెయ్యి ఆగింది. మళ్లీ పోయింది. గోరుతో పసుపు గీకుతున్న చప్పుడు. ఒకటి అన్నాడు. మళ్లీ గీకాడు. రెండు అన్నాడు. ఇంకా గీకుతూనే ఉన్నాడు. పసుపు ఎంత మందం పట్టిందో తల్లీ!

మూడు.

చెయ్యి బయటికి తీసి, గోట్లో ఇరుక్కున్న పసుపును చూస్తూ కూర్చున్నాడు. నాయిన చెయ్యి అన్నాడు. బావ కళ్లలో నీళ్లు నేను చూడటం ఇదే మొదలు.

లేచి బయటికి వచ్చి, ఇంజన్ ముట్ట అన్నాడు. మరి వరి అన్నాను. నా నసీబ్ అన్నాడు. నీ నసీబ్ జాకీ మీద ఉన్నది బావా, షెడ్డులకు రా అన్నాను.


14 అక్టోబర్, మంగళవారం

ఇరవై ఒకటో రోజు. బాలింతకు, పాపకు తలస్నానం. ఎల్లక్క తన చేత్తోనే తలగడ కింద నుంచి తీసి నాకిచ్చింది. కిరసనాయిలు గిన్నె సిద్ధంగా పెట్టుకున్నాను. పెట్టుకుని, ఆలోచించి, పక్కకు తోసేశాను. ఇన్ని కాన్పుల పసుపు అది. నూనె మాత్రం రెండు చుక్కలు మరలోకి వేశాను. సాయంత్రానికి కదిలింది. నోరు మూసుకుంది. అరలో సరిగ్గా పట్టింది.

సంచి నిండింది. బండి గేటు దాటింది. నేనే తోలాను. గంగకు మొక్కడానికి సుగుణ, పాప, యాదక్క వెనక సీట్లో. బావ ముందు సీట్లో, ఒళ్లో బెల్టు. జర మెల్లగ అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి దిగి నడువు అన్నాను.

సుగుణ ఒడ్డున నీళ్లకు పసుపు కుంకుమ వేసి మొక్కింది. నేను జాకీ పెట్టి చక్రం లేపాను. బెల్టు రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. పైపు ముందు దగ్గింది, తర్వాత కక్కింది. బావ చొక్కా తడుపుకుంటూ చిన్నపిల్లాడిలా పైపు పట్టుకుని నిలబడ్డాడు. కాలువ పొలం దాకా చేరేసరికి పొద్దుగూకింది.


19 అక్టోబర్, ఆదివారం

ఒడ్డున బండి పెట్టి పంపు తిప్పుతుంటే ఎల్లక్క వచ్చింది. బామ్నిలో ఎవరికో నొప్పులట, ఇనుము ఇయ్యి అన్నది.

అది తీస్తే సంచి నిండదు. సంచి నిండకుంటే బండి గేటు దాటకూడదు. అందుకని తియ్యలేదు. ఎల్లక్కనే ఎక్కించాను. బావ పరుగున వచ్చి బెల్టు విప్పి, జాకీ దింపి సంచిలో పెట్టి, పోండ్రి అన్నాడు.